ధాన్యం ఎలివేటర్ కొంటున్నారా? కేటలాగ్ టన్నులు నమ్మకండి

మా మిల్లులో ధాన్యం పైకెత్తే ఎలివేటర్ ఎట్టకేలకు తిరిగింది. దాళ్వా (రబీ వరి) కోతలు మొదలై ట్రాక్టర్లు గేటు దగ్గర బారులు తీరాయి, కూర్చుని రాసేంత తీరిక లేదు. కానీ నాకు కొటేషన్ ఇచ్చిన ఒక కంపెనీ సేల్స్ ఇంజినీరు మీద కోపం చల్లారకముందే రాసేయాలనిపించింది.

మాది పశ్చిమ గోదావరిలో అత్తిలి దగ్గర చిన్న రైస్ మిల్లు. కోత మిషన్లు వచ్చాక ధాన్యం 22, 24 శాతం తేమతో పచ్చిగానే వచ్చి పడుతోంది. ప్రభుత్వ కొనుగోలుకి 17 దాటకూడదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం కళ్ల ముందే తడిసిపోయాక, ఇక లాభం లేదని డ్రయ్యర్ పెట్టించాం. దాని నెత్తిన ఉన్న తొట్టి నేలకి 10 మీటర్ల ఎత్తు. అంత ఎత్తుకి బస్తాలు మోసే జట్టు ఇప్పుడెక్కడ దొరుకుతుంది? ఓపిక ఉన్నవాళ్లంతా చేపల చెరువుల పనికి పోతున్నారు.



ఏ రకం పెట్టాలన్నది కూడా తొందరగానే తేలింది. బెల్ట్ కన్వేయర్‌ని 15 డిగ్రీలకి మించి ఎత్తితే గింజ వెనక్కి జారే భయం ఉంది. ఆ వాలులో 10 మీటర్లు ఎక్కాలంటే నేల మీద 37 మీటర్ల జాగా కావాలి, మా స్థలం అంత పొడుగు లేదు. గొట్టంలో మెలికల రెక్క తిరుగుతూ గింజని నెట్టే స్క్రూ చవకే గానీ, 45 డిగ్రీలకి నిలబెడితే అది మోసే సరుకు సగానికి పడిపోతుంది. పైగా గింజ రెక్కకీ గొట్టానికీ మధ్య నలుగుతుంది, పొట్టులో ఉండే సిలికాకి రెక్కలు అరిగిపోతాయి. గాలితో ఊదే బ్లోయర్ ఊకకి బాగుంటుంది, మాకూ ఉంది. ధాన్యానికి పెడితే కరెంటు బిల్లు కట్టలేం. బకెట్ ఎలివేటర్ అలా కాదు, బెల్టుకి బిగించిన బకెట్లు కింద ధాన్యం తోడుకుని పైన ఒంపుతాయి. గంటకి 15 టన్నుల్ని 10 మీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారం అర హార్స్‌పవర్ పైచిలుకు చాలు. రాపిడీ అదీ కలుపుకున్నా 2 హార్స్‌పవర్ మోటారు లాగేస్తుంది. నిలువుగా ఉంటుంది, జాగా తినదు.

అసలు గొడవ సైజు దగ్గర వచ్చింది.

విజయవాడలో ఒక కంపెనీ ఆఫీసుకి మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను. గంటకి ఎంత కావాలని అడిగాడు ఇంజినీరు. "రెండొందల బస్తాలండి" అన్నాను. అతను పక్కనున్న వాళ్ల వైపు తిరిగి నవ్వాడు. "బస్తా అంటే ఏ బస్తా సార్? సిమెంటు బస్తానా?" గదిలో ఉన్న కస్టమర్లు కూడా నవ్వారు. "75 కేజీలదండి, మా గోదావరి జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే అదే" అన్నాను. "అంటే 15 టన్నులు. అలా చెప్పాలి. బస్తాలంటే మా కంప్యూటర్‌కి అర్థం కాదు" అని 15 టన్నుల మోడల్‌కి కొటేషన్ కొట్టేశాడు. ఒక్కో బకెట్ ఎన్ని లీటర్లు పడుతుందండీ అని అడిగితే, "అవన్నీ మీకెందుకు సార్, మేం చూసుకుంటాం. మీరు రంగు ఏది కావాలో చెప్పండి చాలు" అన్నాడు. మా అబ్బాయి తల వంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లుగా మిల్లు నడుపుతున్నవాణ్ని, రంగు చెప్పడానికి వెళ్లానా నేను?

అడ్వాన్సు ఇవ్వకుండా వచ్చేశాను. పెనుగొండలో మా బావ మిల్లులో అదే కంపెనీది, అదే 15 టన్నుల మోడల్ ఉంది. వెళ్లి అడిగితే, "తెచ్చినప్పటి నుంచీ ఇంతేరా, పదకొండు దాటి ఎక్కదు. మోటారు మార్చాను, బెల్టు బిగించాను. కంపెనీ వాణ్ని పిలిస్తే నీ ధాన్యం పచ్చి, అదే కారణం అంటాడు" అన్నాడు. సరే చూద్దామని ఎండు ధాన్యమే కాటా వేయించి, గడియారం పెట్టుకుని ఎక్కించాం. గంటకి పదకొండున్నర టన్నుల లెక్కే వచ్చింది. తేమ మీద నెట్టడానికి లేదు.

అప్పుడు ఒక పని చేశాను. ఇక్కడ నా గొప్ప నేను చెప్పుకుంటాను, అభ్యంతరం ఉంటే చదవకండి. 20 లీటర్ల డబ్బాలో అదే ధాన్యం తలకొట్టి పోసి తూచాను. పదకొండున్నర కేజీలు. అంటే ఘనపు మీటరుకి 575 కేజీలు. తర్వాత కేటలాగ్ తీసి కళ్లజోడు పెట్టుకుని అడుగున ఉన్న చీమ తలకాయంత అక్షరాలు చదివాను. సాంద్రత 0.75, అంటే ఘనపు మీటరుకి 750 కేజీలు అని ఉంది. అది గోధుమల లెక్క! 15 టన్నుల గోధుమలంటే 20 ఘనపు మీటర్లు. ఆ 20 ఘనపు మీటర్లలో మన ధాన్యం పోస్తే పదకొండున్నర టన్నులే తూగుతుంది. బావ మిషను ఏనాడూ చెడిపోలేదు, దాని సైజే అది. మా తాత కుంచంతో కొలిచినట్టే బకెట్ కూడా నిండుని కొలుస్తుంది, దానికి బరువుతో పని లేదు. అదే ఎలివేటర్‌లో ఊక పోస్తే టన్నులు ఇంకా ఘోరంగా పడిపోతాయి.

ఇంజినీరుకి ఫోన్ చేసి చెప్తే, "అది ఇండస్ట్రీ స్టాండర్డ్ సార్, అందరూ అలాగే వేస్తారు" అన్నాడు. ధాన్యం అని చెప్పి అడిగినవాడికి గోధుమ లెక్క అమ్మడం కూడా స్టాండర్డేనా అంటే, మీటింగులో ఉన్నానన్నాడు. చదువుకున్నవాళ్లు రైతు భాషకి నవ్వుతారు గానీ, ఆ రైతు అడిగిన లీటర్ల ప్రశ్నకి జవాబు చెప్పి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

కాబట్టి టన్నులు వదిలేసి ఇలా అడగండి. బకెట్ ఎన్ని లీటర్లు, మీటరు బెల్టుకి ఎన్ని బకెట్లు, బెల్టు సెకనుకి ఎన్ని మీటర్లు. నేను కొన్నదానికి లీటరు బకెట్లు, మీటరుకి 6, వేగం ఒకటిన్నర మీటర్లు. సెకనుకి 9 బకెట్లు పైకొస్తాయి. ఏ బకెట్టూ పూర్తిగా నిండదు, అయిదింట నాలుగు వంతులు అనుకుంటే సెకనుకి 7.2 లీటర్లు, గంటకి 26 ఘనపు మీటర్లు, అంటే మన ధాన్యంలో 15 టన్నులు. నా రెండొందల బస్తాలు! కేటలాగ్‌లో దీన్నే 20 టన్నుల మోడల్ అంటారు. పచ్చి ధాన్యం, తాలు, గడ్డి ఎక్కువ వచ్చే మిల్లయితే ఇంకో మెట్టు పైకి వెళ్లండి. వేగం పెంచి సరిపెడతాం అంటే ఒప్పుకోవద్దు, పైన పుల్లీ దగ్గర విసురు లెక్క తప్పితే గింజ గొట్టంలో పడకుండా వెనక్కి రాలుతుంది.

చివరికి కోయంబత్తూరు సరుకు తీసుకున్నాం. వాళ్లు మొదటి ఫోన్‌లోనే ధాన్యం పచ్చిదా ఎండుదా అని అడిగారు, అక్కడే నాకు నచ్చారు. వాళ్ల డ్రాయింగులో మాత్రం బూట్ (బకెట్లు ధాన్యం తోడుకునే అడుగు పెట్టె) కోసం 5 అడుగుల గొయ్యి ఉంది. డెల్టాలో అది కుదరదు. కాలవలు కట్టేసిన మే నెలలో తవ్వితే గొయ్యి పొడిగానే ఉంటుంది, జూన్‌లో నీళ్లు వదిలాక ఊట మొదలవుతుంది. మా పక్క మిల్లు వాళ్లు అలాగే తవ్వి, సార్వా (ఖరీఫ్) అంతా మోటారు పెట్టి తోడుతూనే ఉన్నారు, బూట్‌లో మిగిలిన ధాన్యం మొలకెత్తింది. మేం బూట్‌ని నేల మట్టానికే పెట్టి, ట్రాక్టరు ఎక్కి ఒంపడానికి ర్యాంపు కట్టించాం. మట్టి ఖర్చయింది గానీ నీటి బెంగ లేదు.

బెల్టుని వెనక్కి తిరగనివ్వని బ్యాక్‌స్టాప్ లేకుండా మాత్రం తీసుకోకండి. లోడు మీద కరెంటు పోతే బెల్టు వెనక్కి తిరిగి ధాన్యమంతా బూట్‌లోకి దిగి బిగుసుకుంటుంది, చేతులతో తవ్వి తియ్యాలి. ట్రయల్ మన ధాన్యంతో, మన కాటా మీద జరిగేదాకా బిల్లులో కొంత ఆపుకోండి. నేను ఆపాను, వాళ్లు గొణిగారు, రెండొందల బస్తాలు ఎక్కాక ఇచ్చేశాను.

బావ మిషనుకి బకెట్ల మధ్య కొత్త బోల్టులు వేసి దగ్గర దగ్గరగా బిగిస్తే ఎత్తే సరుకు పెరుగుతుందేమో చూడాలి. రేపు బెల్టు కొలవడానికి పెనుగొండ వెళ్తున్నాను. గేర్ బాక్సు తట్టుకుంటుందంటేనే చేస్తాం.