గౌరి ఎడమ వెనక చన్ను

పోయిన కార్తీకంలో మా ఆవు గౌరి ఉన్నట్టుండి పాలు తగ్గించేసింది. పూటకు ఏడు లీటర్లు ఇచ్చేది ఐదుకు దిగింది. పాల కేంద్రం ఇచ్చే చీటీలో ఎస్‌ఎన్‌ఎఫ్, అంటే పాలలో వెన్న కాక మిగిలిన గట్టి పదార్థాల శాతం, అది కూడా 8.5 నుంచి 7.9కి పడింది. 8.3 లోపు వచ్చిందంటే లీటరు మీద రేటు కోసేస్తారు. మా పలమనేరు పక్క రెండు జెర్సీ ఆవులున్న ఇంటికి ఆ చీటీయే జీతం.

నేను దాణా మీద పడ్డాను. తవుడు మార్చాను, చెనక్కాయ చెక్క అరకిలో పెంచాను, అంగట్లో చెప్పారని టానిక్కు కూడా పోశాను. పదిహేను రోజుల్లో ఖర్చు పెరిగింది, పాలు పెరగలేదు. మేత తింటోంది, నెమరేస్తోంది, ఒళ్లు వేడి లేదు, పొదుగు మెత్తగానే ఉంది. ఇంక జబ్బని ఎవరనుకుంటారు?

మా అత్త ఒక సాయంత్రం నాలుగు చన్నుల పాలూ విడివిడిగా అరచేతిలో పిండుకుని నాకి చూసింది. "ఎడమ వెనకది ఉప్పగా ఉండాది, చూడు మే" అంది. నాకేమీ తేడా తెలీలేదు. (పచ్చిపాలు అలా నోట్లో వేసుకోవద్దని పశువుల డాక్టరు తర్వాత ఆమెను కోప్పడ్డాడు. ఆమె విన్నట్టే నటించింది.)

డాక్టరు చేసిన పరీక్ష చూసి నవ్వొచ్చింది. అర లీటరు నీళ్లలో ఆరు చెంచాల సర్ఫ్ కలిపాడు. నాలుగు గిన్నెల్లో నాలుగు చన్నుల పాలు పిండి, ఎంత పాలకు అంత సర్ఫ్ నీళ్లు పోసి తిప్పాడు. మూడు గిన్నెల్లో నీళ్లలాగే ఉంది. నాలుగోది గంజిలా చిక్కబడింది. పొదుగులో సూక్ష్మక్రిములు చేరితే వాటితో కొట్లాడటానికి తెల్లకణాలు పాలలోకి దిగుతాయట, సబ్బు వాటిని పగలగొడితే అలా సాగుతుందట. పైకి కనబడని పొదుగువాపు అంటే అదే. పాలు తయారుచేసే కణాలు దెబ్బతిని లాక్టోజు తగ్గిపోతుంది, ఉప్పు పెరుగుతుంది. చీటీలో పడిపోయింది అందుకే. నేను పెట్టిన చెక్కకు దాంతో సంబంధమే లేదు.

"ఎవరు పిండుతారమ్మా?" అన్నాడు. నేనే అన్నాను. పిండి చూపించమన్నాడు. రెండు ధారలు పడ్డాయో లేదో ఆపేశాడు. నేను బొటనవేలు లోపలికి మడిచి, కణుపుతో నొక్కి పిండుతాను. మా అమ్మ నేర్పింది అదే. దాంతో చన్ను లోపలి పొర నలుగుతుందట. నొప్పికి ఆవు కాలు ఆడిస్తుంది, సరిగ్గా చేపదు, అంటే పాలు చన్నుల్లోకి వదలదు. చేపినా ఐదారు నిమిషాలే కదా, ఆలోపు పిండనివి పొదుగులోనే నిలుస్తాయి. క్రిములకు అంతకంటే మేలైన చోటెక్కడ?

ఇరవై ఏళ్ల అలవాటు, గుప్పిటతో పిండటం రావడానికి నెల పట్టింది. మొదటి వారం మణికట్టు నొప్పికి ఏడుపొచ్చింది.

ముదరలేదు కాబట్టి కలబంద 250 గ్రాములు, పసుపు 50, సున్నం 15 కలిపి నూరి పొదుగుకు రాయమన్నాడు డాక్టరు. ముద్ద ఎర్రగా మారుతుంది. రోజుకు పదిసార్లు రాయాలి, ఐదు రోజులు. చెయ్యీ చీరా అదే రంగు. ఆ చన్ను పాలు కేంద్రానికి పొయ్యకుండా పారబోశాను. ఇంకో మార్పు: పచ్చిగడ్డి ఇప్పుడు పిండిన తర్వాతే వేస్తాను. పిండాక అరగంట దాకా చన్ను రంధ్రం మూసుకోదు. మేత ముందుంటే ఆవు నిలబడి తింటుంది, పేడలో పడుకోదు. ముందు మేసేసి పిండగానే పడుకునేది, మేమేమో పాపం అలిసిపోయిందనుకునేవాళ్లం.

మూడు వారాలకు ఎస్‌ఎన్‌ఎఫ్ 8.4కి వచ్చింది, పాలు ఆరున్నరకు. ఆ ఎడమ వెనక చన్ను మాత్రం మిగతా మూడింటి మాదిరి మళ్లీ నిండలేదు. ఆ అర లీటరు నా బొటనవేలి ఖాతాలోనే రాసుకున్నా.

గౌరి ఇప్పుడు ఏడో నెల చూడి. వచ్చే వారం పిండటం ఆపేయాలి, ఆ రోజు నాలుగు చన్నుల్లోనూ మందు ఎక్కించడానికి డాక్టరు వస్తానన్నాడు. అంతకుముందు సర్ఫ్ నీళ్లతో ఒకసారి చూసుకోవాలి. అత్తేమో అదెందుకు, నేనున్నాను కదా అంటోంది.