పాత గ్యాస్ గ్రిల్ బాగుచేయడం: ఏది తీసుకోవచ్చు, ఏది వదిలేయాలి

అమెరికాలో ఇల్లు మారేవాళ్లు అమ్మేసే పాత గ్రిల్‌ని చూడ్డానికి వెళ్తే నేను బర్నర్ల జోలికి ముందుగా పోను. బర్నర్లు, వంట పెట్టే జాలీలు (గ్రేట్లు), రెగ్యులేటర్, మంట రాజేసే ఇగ్నైటర్ ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. మంట ఉండే పెట్టె, దాన్ని మోసే స్టాండు పోతే మాత్రం ఇక చేసేదేమీ లేదు. రేకు పెట్టెకి అడుగున జిడ్డు, తేమ చేరి చిల్లులు పడతాయి. అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. పోత అల్యూమినియం పెట్టెకి తుప్పు పట్టదు. అమెరికన్ కంపెనీ వెబర్ చేసిన జెనెసిస్ గ్రిల్‌లు ఇన్నేళ్ల తర్వాత కూడా బాగుచేయడానికి వీలుగా ఉండటానికి అదే కారణం.

నేను పక్కపక్కన పెట్టి చూసినవి మూడు: 1990లనాటి జెనెసిస్ 1000, ఆ తర్వాతి జెనెసిస్ సిల్వర్ బి, 2011 నుంచి వచ్చిన జెనెసిస్ ఇ-310. మొదటి రెండింటికీ మూడు బర్నర్లు, 36,000 బీటీయూ (గంటకి ఇచ్చే వేడికి కొలత). ఇ-310కి 38,000. ఈ తేడా వంటలో తెలియదు. తెలిసేది బర్నర్లు ఎటు నుంచి ఎటు ఉన్నాయన్నదే. పాతవాటిలో అవి ఎడమ నుంచి కుడికి పడుకుని ఉంటాయి. మధ్యది ఆపి, ముందుదీ వెనకదీ సిమ్‌లో ఉంచితే నిండు కోడి మధ్యలో పొడుగ్గా కూర్చుని, రెండు వైపులా సమానంగా ఉడుకుతుంది. 2011 నుంచి వచ్చిన ఇ-310లో నాబ్‌లు ముందుకొచ్చాయి, బర్నర్లు ముందు నుంచి వెనక్కి తిరిగాయి. సగం వేడిగా, సగం చల్లగా ఉంచుకోవాలంటే అది సులువు. నా ఓటు పాతవాటికే. 1000లో బర్నర్ల మీద రెండు వరసల్లో 13 సన్నని రేకు పట్టీలుంటాయి, తర్వాతి సిల్వర్ బిలలో వెడల్పాటివి 5 చాలు. ఆర్డరిచ్చే ముందు పాత పట్టీ పొడవు టేపుతో కొలవాలి, మోడల్ పేరు చూసి కొంటే తప్పే వీలుంది.

స్టాండు గొట్టాలు ఇనుమువి, లోపలి నుంచి తుప్పు పడతాయి. చక్రాలు బిగించే చోట, అడుగు గొట్టం కింద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూస్తాను. ఖంగుమంటే సరే. మెత్తగా దిగిపోతే బేరం ఆపేస్తాను. చెక్క పలకలు కుళ్లినా దిగులక్కర్లేదు, సీడార్ పలక కోసి వేసుకోవచ్చు.

విప్పేటప్పుడు ఏడిపించేవి బోల్టులు. అల్యూమినియంలో ఇనుప బోల్టు, మధ్యలో ఉప్పూ తేమా చేరితే రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. ముందురోజు రాత్రే సందుల్లోకి దిగే పెనెట్రేటింగ్ ఆయిల్ వేసి వదిలేస్తాను. పొద్దున ముందు కొద్దిగా బిగించి, ఆ తర్వాతే వదులు చేయాలి. తల విరిగితే డ్రిల్ చేసి 1/4-20 (పావు అంగుళం లావు, అంగుళానికి 20 మరలు) ట్యాప్‌తో మర కొత్తగా కోసి, స్టెయిన్‌లెస్ బోల్టుకి మళ్లీ పట్టేయకుండా యాంటీ సీజ్ పేస్టు రాసి బిగించాలి.

మూత లోపల పెచ్చులు ఊడుతుంటే పెయింట్ అనుకుని చాలామంది గ్రిల్ పారేస్తారు. అది పెయింట్ కాదు, పొగా జిడ్డూ కాలి గట్టిపడిన మసి. ప్లాస్టిక్ గీకుడు పలకతో వచ్చేస్తుంది. లై (కాస్టిక్ సోడా) ఉన్న ఓవెన్ క్లీనర్ మాత్రం వాడొద్దు, అది అల్యూమినియాన్ని తినేసి నల్లబరుస్తుంది. మామూలు డీగ్రీజర్ చాలు. హై హీట్ పెయింట్ బయటవైపే, అదీ జిడ్డు పూర్తిగా పోయాక పలుచని పూతలుగా. లోపల ఏ పెయింటూ వేయను.

బర్నర్ గొట్టంలో సాలీడు గూడు కడితే గాలి అందక మంట పసుపు రంగులోకి వస్తుంది, ఒక్కోసారి గొట్టం మూతి దగ్గరే అంటుకుంటుంది. సీసాలు కడిగే బ్రష్ లోపలికంటా దూర్చి లాగాలి. రంధ్రాలు డ్రిల్‌తో పెద్దవి చేయొద్దు. రెండు రంధ్రాలు కలిసిపోయి ఉంటే ఆ బర్నర్ మార్చాల్సిందే.

గ్యాస్ దగ్గర తొందర పనికిరాదు. స్టిక్కర్ మీద నేచురల్ గ్యాస్ అని ఉంటే సిలిండర్ తగిలించకూడదు. దాని జెట్ రంధ్రాలు పెద్దవి, సిలిండర్‌లోని ప్రొపేన్ 11 అంగుళాల నీటి పీడనంతో (గ్యాస్ ఒత్తిడిని ఇలా కొలుస్తారు) వస్తే మంట ఎగసిపడుతుంది. పగిలిన గొట్టం, సిలిండర్‌కి తగిలించే పాత రకం పీఓఎల్ కనెక్టర్ ఉంటే రెండూ తీసేసి, చేత్తో బిగించే కొత్త రకం క్యూసీసీ1 కనెక్టర్ ఉన్న రెగ్యులేటర్ సెట్ వేస్తాను. కవాటానికి త్రికోణం పిడి ఉన్న సిలిండర్‌నే కొనాలి, అది లేని పాతవాటిని 2002 ఏప్రిల్ నుంచి నింపడం లేదు. అన్నీ బిగించాక గిన్నెలు కడిగే సబ్బు, నీళ్లు సగం సగం కలిపి ప్రతి జాయింటుకీ పూస్తాను. బుడగ వస్తే గ్యాస్ ఆపి మళ్లీ బిగించాలి.

వెలిగించాక మంట నీలంగా, కొనల్లో కాస్త పసుపుగా ఉండాలి. అన్ని నాబ్‌లూ హైలో ఉన్నా వేడి 300 ఫారన్‌హీట్ దాటకపోతే గ్రిల్ చెడిందనుకోవద్దు. సాధారణంగా సిలిండర్ గబుక్కున తెరవడం వల్ల రెగ్యులేటర్ భద్రతా కవాటం సగం మూసుకుని ఉంటుంది. నాబ్‌లూ సిలిండరూ ఆపి, గొట్టం విప్పి, ఒక నిమిషం ఆగి, మళ్లీ తగిలించి సిలిండర్‌ని నెమ్మదిగా తెరవాలి. నాబ్‌లు ఆ తర్వాత.

మొదటిసారి మూత వేసి అరగంట హైలో ఖాళీగా కాల్చాకే వంట. పచ్చడికి వంకాయలు నూనె రాసి నేరుగా మంట మీద. పెరుగులో నానబెట్టిన చికెన్ మాడకుండా ముందు మంట లేని మధ్యలో ఉడికించి, లోపల 165 ఫారన్‌హీట్‌కి దగ్గర పడ్డాక మంట మీదికి జరిపి రంగు తెప్పిస్తాను. జిడ్డు పళ్లెం మాత్రం ప్రతిసారీ గీకాలి, గ్రిల్ లోపల మంటలు లేచేది ఎక్కువగా అక్కడి నుంచే.