దగ్గే గుర్రానికి సూది వేసే ముందు

పెళ్ళిళ్ళ రోజుల్లో బాణాసంచా పొగ, రోడ్డు దుమ్ము కలిసి విజయనగరం వైపు ఊరేగింపు గుర్రాలకు దగ్గు పట్టుకుంటుంది. వెంటనే ఆవులకు వాడే యాంటీబయాటిక్ ఏదో ఒకటి పొడిచేస్తారు. ఆ సూదికన్నా ముందు థర్మామీటరు కావాలి. దానికి వ్యాజిలిన్ రాసి, గుర్రం పక్కన నిలబడి (వెనక కాదు), మలద్వారంలో పెట్టి చూడండి. 99.5 నుంచి 101.3 డిగ్రీల దాకా మామూలే.

జ్వరం లేదు, మేత తింటోంది, గడ్డి వేసినప్పుడే దగ్గుతోంది, ఊపిరి వదిలేటప్పుడు డొక్కలు బలంగా లాగుతోంది అంటే ఎక్కువగా ఉబ్బసమే. యాంటీబయాటిక్ దీనికి దండగ. తుఫాను వానకు తడిసి ఆరిన వరిగడ్డి పైకి బాగానే ఉంటుంది, మోపు విప్పితే బూజు లేస్తుంది, ఉబ్బసాన్ని రేపేది అదే. పచ్చిగడ్డి దొరికితే అదే వేయండి. లేదంటే మంచి ఎండుగడ్డిని అరగంట నీళ్ళలో ముంచి, తడిగానే వేసి, మిగిలింది పారేయండి. మన ఎండకు సాయంత్రానికే పులిసిపోతుంది. డాక్టరు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రాస్తే కిలో బరువుకు 0.05 మి.గ్రా. చొప్పున మొదలుపెట్టి, తగ్గించుకుంటూ ఆపుతారు. గడ్డి మార్చకపోతే మందు ఆపగానే దగ్గు మళ్ళీ వస్తుంది. స్టెరాయిడ్‌తో గిట్టలు దెబ్బతినే ప్రమాదం ఒకటి, జ్వరమున్న గుర్రానికి వేస్తే రోగం ముదిరే ప్రమాదం మరొకటి.

జ్వరంతో పాటు దవడల కింద గడ్డ, ముక్కులోంచి చిక్కటి పసుపు చీమిడి ఉంటే స్ట్రాంగిల్స్ (గుర్రాలకు గొంతు దగ్గర గడ్డలు కట్టే అంటురోగం) అనుకోవాలి. ఆ గుర్రాన్ని, దాని నీళ్ళ బకెట్‌ను వేరు చేయండి. గడ్డకు వేడి కాపడం పెట్టి మెత్తబడనివ్వాలి. గడ్డ కట్టాక పెన్సిలిన్ వేస్తే అది పక్వానికి రావడం ఆలస్యమవుతుంది. ఊపిరాడకపోయినా, మింగలేకపోయినా మాత్రం వేయక తప్పదు: ప్రొకేన్ పెన్సిలిన్ కిలోకు 22,000 యూనిట్లు, 12 గంటలకోసారి, కండలోకే. గుచ్చాక సిరంజి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి. రక్తనాళంలోకి పోతే గుర్రం బెదిరి విరుచుకు పడిపోతుంది, చచ్చిపోవచ్చు కూడా.

బరువు కంటి అంచనాతో తేల్చకండి. మోచేతుల వెనక ఛాతీ చుట్టుకొలతను అదే అంకెతో, ఆపైన భుజం కొస నుంచి పిర్ర కొస దాకా పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. కొలతలన్నీ సెంటీమీటర్లలో. 140, 130 వస్తే సుమారు 214 కిలోలు, అంటే పెన్సిలిన్ పూటకు 47 లక్షల యూనిట్లు.

చీమిడిలో రక్తం, ముక్కులోపల పుళ్ళు, కాళ్ళమీద వరుసగా పగిలే గడ్డలు కనిపిస్తే గ్లాండర్స్ అనే ప్రాణాంతక అంటురోగం కావచ్చు. దీనికి మందు వేయకూడదు. మనిషికీ అంటుకుంటుంది, పశువుల అంటురోగాల నివారణకు తెచ్చిన 2009 చట్టం ప్రకారం వెంటనే తెలియజేయాలి. గుర్రాన్ని గరివిడి పశువైద్య కాలేజీకి నడిపించుకుపోవద్దు, పశువైద్యుణ్ణే శాల దగ్గరికి పిలిపించండి.