మెత్తబడ్డ బిస్కెట్టు చెడిపోయినట్టు కాదు

"ఇప్పుడు మీరు ఇంగ్లండ్‌లో ఉన్నారు. ఇక్కడ మేం ఇలాంటివి చెయ్యం."

మా కేర్ హోమ్ మేనేజరు ఈ మాట కోపంగా అనలేదు. పక్కన ఇద్దరు స్టాఫ్ ఉండగా నవ్వుతూనే అంది. అందుకే ఇంకా గుచ్చుకుంది. మేం చూసుకునే పెద్దవాళ్ళ పిల్లలు క్రిస్మస్‌కి స్టాఫ్ కోసమని పెద్ద పెద్ద బిస్కెట్ డబ్బాలు తెచ్చిస్తారు. జనవరి వచ్చేసరికి సగం సగం మిగిలిపోతాయి. ఎవరో మూత సరిగ్గా పెట్టరు, మెత్తబడతాయి. బిన్‌లో వేసెయ్యమంటే, ఇంటికి పట్టుకెళ్తానన్నాను. జరిగింది అంతే.

నాతో పాటు అదే ఇంట్లో అద్దెకుంటున్న బొబ్బిలి అమ్మాయి ఆ రాత్రి, "పోనీ అప్పా, కొత్త ప్యాకెట్ కొనుక్కుంటే పోయేది కదా, ఎందుకు మాట పడడం?" అంది. డబ్బు సంగతే అయితే తను చెప్పింది సబబే. కానీ తినే వస్తువుని నా చేతులతో చెత్తలో వెయ్యమంటే నాకు చెయ్యి రాదు. పిసినారితనం అనుకుంటారేమోనన్న టెన్షన్ ఉంది, అయినా రాదు.

ఒకటి మాత్రం చెప్పాలి. పెద్దవాళ్ళ ప్లేట్లలో మిగిలినవి పారెయ్యాల్సిందే. ఎవరి చెయ్యి తగిలిందో తెలీదు, వాళ్ళకి చిన్న ఇన్ఫెక్షన్ వచ్చినా తట్టుకోలేరు. ఆ రూలు నేను ఏ రోజూ దాటలేదు. నా గొడవంతా మాకోసం ఇచ్చిన డబ్బాల గురించే.

ఈ దేశంలో తినే వస్తువుల మీద రెండు రకాల తేదీలు వేస్తారు. మాంసం, చేపల్లాంటి వాటి మీద 'యూజ్ బై' అని ఉంటుంది. అది దాటితే తినకూడదు, అమ్మకూడదు. బిస్కెట్ల మీద ఉండేది 'బెస్ట్ బిఫోర్'. అది రుచికి సంబంధించిన తేదీ. దాటినా తినొచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఇది వీళ్ళ ప్రభుత్వం చెప్పే మాటే. మా డబ్బాలకైతే ఆ తేదీ కూడా దాటలేదు.

అసలు మెత్తబడడం అంటే ఏం జరుగుతుంది? బిస్కెట్‌లో తేమ నూటికి ఐదు పాళ్ళ లోపే ఉంటుంది. మూత తీసి ఉంచితే గాలిలో తేమ పీల్చుకుంటుంది. కేకు సంగతి వేరు, పాతబడే కొద్దీ గట్టిపడుతుంది. 1991లో ఇక్కడ జాఫా కేక్ మీద, అంటే చాక్లెట్ పూసి బిస్కెట్ సైజులో అమ్మే చిన్న కేకు మీద, పన్ను తగాదా వచ్చింది. చాక్లెట్ పూసిన బిస్కెట్ అయితే పన్ను పడుతుంది, కేక్ అయితే పడదు. ట్రిబ్యునల్ అది కేకే అని తేల్చింది. చెప్పిన కారణాల్లో ఒకటి, అది పాతబడితే బిస్కెట్‌లా మెత్తబడకుండా కేకులా గట్టిపడుతుందని. మెత్తబడడం బిస్కెట్ గుణం అని వీళ్ళ ట్రిబ్యునలే ఒప్పుకున్నాక, దాన్ని కుళ్ళిపోయిన సరుకులా చూడడం ఎందుకు?

నాకింత పట్టింపు ఎందుకంటే, మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి దగ్గర. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే కొబ్బరి తోటలు, జీడి తోటలు నేలమట్టం. కరెంటు లేదు, నీళ్ళు లేవు. సాయం తెచ్చినవాళ్ళు వ్యానుల మీంచి బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చారు. చినుకులు, చెమ్మ గాలి, చిరిగిన కవర్లు. చేతికొచ్చేసరికే సగం మెత్తబడిపోయేవి. అమ్మ వాటిని పెనం మీద, సన్నటి సెగన, ఒక్కొక్కటీ తిరగేస్తూ వేడి చేసి పళ్ళెంలో పరిచేది. వేడి మీద ఇంకా మెత్తగానే ఉంటాయి, చల్లారాకే కరకరలాడతాయి. పిల్లలు తొందరపడితే "ఆరనీ, ఆరనీ" అని చెయ్యి అడ్డం పెట్టేది. పూర్తిగా చల్లారకుండా డబ్బాలో వేస్తే ఆవిరికి మళ్ళీ మెత్తబడతాయి కదా. ఆ బిస్కెట్లు పాలు లేని టీలో ముంచుకు తిన్నాం. అవి తిని పెరిగిన పిల్లలు మా వీధిలో ఇప్పుడు కాలేజీకెళ్తున్నారు.

ఆ మాట మేనేజరుకి చెప్పాలనిపించింది. చెప్పలేదు. ఉద్యోగం, వీసా, ఏజెంటుకి కట్టడానికి చేసిన అప్పు ఉన్నాయి.

చెప్పింది ఇంకొకరికి. నేను చూసుకునే ఒక పెద్దావిడకి తొంభై దాటాయి. ఆ మధ్యాహ్నం నా మొహం చూసి ఏమైందని అడిగింది. బిస్కెట్ల సంగతి చెబితే నా చెయ్యి పట్టుకుని, "మా అమ్మ నిన్ను చూస్తే ఎంత మెచ్చుకునేదో" అంది. యుద్ధం వల్ల ఇక్కడ తినే వస్తువుల మీద రేషన్ 1940 జనవరిలో మొదలై 1954 జులై దాకా నడిచింది. ఆవిడ చిన్నతనమంతా ఆ రేషన్ పుస్తకంతోనే గడిచింది. మెత్తబడ్డ బిస్కెట్లు, విరిగిన ముక్కలు అన్నీ నలగ్గొట్టి, కరిగించిన వనస్పతిలో, పాకంలో కాస్త కోకో కలిపి, పళ్ళేనికి గట్టిగా అదిమి, చల్లారాక ముక్కలు కోసేవారట. పారెయ్యడమంటే ఇంట్లో దెబ్బలు పడేవట. అంటే "ఇక్కడ మేం ఇలాంటివి చెయ్యం" అన్నది ఈ మధ్య వచ్చిన మాట. వీళ్ళ అమ్మమ్మలు చేసినవాళ్ళే. మా అమ్మమ్మ తరవాణి కుండ ఎలా కాపాడుకునేదో వీళ్ళూ అలాగే కాపాడుకున్నారు.

ఈసారి సెలవుకి ఊరెళ్ళినప్పుడు ఆవిడ చెప్పిన పద్ధతి చేసి చూశాను. నేను తీసుకెళ్ళిన డబ్బా వీధి వీధంతా రుచి చూసేసరికి, సముద్రపు గాలికి మిగతావి రెండో పూటకే మెత్తబడ్డాయి. మా పెద్దమ్మ ఒకటి కొరికి, "ఫారిన్‌వి కూడా మెత్తబడిపోతాయేటి?" అంది. మామూలువి అమ్మ పెనం మీద పెట్టింది. క్రీమువి, చాక్లెట్‌వి పెనం మీద కరిగిపోతాయి కాబట్టి వాటికి కోకో పద్ధతే. ముందు ప్రతిదీ వాసన చూశాం. ముక్కిపోయిన వాసన వస్తే అందులో కొవ్వు పాడైనట్టు, దానికి ఏ వంటా మందు కాదు. బూజు కనిపిస్తే సరేసరి. బాగున్నవి కవర్లో వేసి అప్పడాల కర్రతో నలగ్గొట్టాం, మరీ పిండి కాకుండా, పంటికి తగిలేలా. వనస్పతి బదులు నెయ్యి, వాళ్ళ పాకం బదులు బెల్లం, పైన వేయించిన పలాస జీడిపప్పు బద్దలు. ఫ్రిజ్‌లో పెట్టి సాయంత్రానికి కోశాం. పెద్దమ్మ రెండోసారి అడిగి తింది.

అదే వారం శ్రీకాకుళంలో మా తమ్ముడింటికి వెళ్తే, పిల్లలు సగం తిన్న ప్యాకెట్లు మెత్తబడ్డాయని చెత్తబుట్టలో వేస్తున్నారు. ఎవరూ ఏమీ అనరు. నా మనసు కలుక్కుమంది. ఇంగ్లండ్‌లో పడ్డ మాట కంటే అదే ఎక్కువ బాధించింది. మరదలికి పెనం పద్ధతి చూపించి వచ్చాను.

పెద్దావిడకి నా చేత్తో చేసిన ముక్క పెట్టాలని ఉంది గానీ, ఇంట్లో వండినవి వాళ్ళకి పెట్టకూడదు. ఫోన్‌లో ఫొటో చూపించాను. కోకో ఇంకాస్త పడాల్సిందని చెప్పింది.

వచ్చే డిసెంబరులోపు స్టాఫ్ మీటింగ్‌లో ఒక విషయం అడగబోతున్నాను. స్టాఫ్‌కి ఇచ్చిన డబ్బాలు స్టాఫ్‌వే కాబట్టి, మిగిలినవి కావలసినవాళ్ళు పట్టుకెళ్ళొచ్చని, విప్పని ప్యాకెట్లు, లేనివాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకుకి ఇద్దామని. ముందు నేను మొదలుపెడితే తనూ మాట్లాడతానని బొబ్బిలి అమ్మాయి మాటిచ్చింది.