మూడు గంటల్లో ఖాళీ కావలసిన ట్యాంకు: వేంబనాడ్ హౌస్‌బోట్లలో చూసినవి

కేరళలో వేంబనాడ్ సరస్సు ఒడ్డున ఉన్న ఆలప్పుళ (అలెప్పీ)లో పున్నమడ ఫినిషింగ్ పాయింట్ రేవుకు ఉదయం 9 గంటలకు హౌస్‌బోట్లు వరసగా చేరుకుంటాయి. రాత్రి ఉన్నవాళ్లు దిగిపోతారు. మధ్యాహ్నం 12కు కొత్తవాళ్లు ఎక్కుతారు. ఈ మధ్యలోని మూడు గంటల్లో దుప్పట్లు మార్చాలి, గదులు కడగాలి, మంచినీళ్లు, డీజిల్ నింపాలి, కూరగాయలూ చేపలూ గ్యాసు బండలూ ఎక్కించాలి. మేం ఎక్కాల్సిన వేళకు ముందే వెళ్లి రేవులో నిలబడి ఆ హడావిడి చూశాం. పడవ సరస్సుకు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్నది ప్రయాణంలో కాదు, ఈ మూడు గంటల్లోనే తేలుతుందని నా నమ్మకం. మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేయించాల్సింది కూడా ఈ వేళలోనే మరి. శుద్ధి కేంద్రం దాకా వెళ్లి, వంతు వచ్చేదాకా ఆగి, తోడించుకుని తిరిగి వచ్చేసరికి ఏ గంటన్నరో పడితే మిగతా పనులకు సమయం చాలదు. అప్పుడు వాయిదా పడేది ఆ ఒక్క పనే. దుప్పటి మార్చకపోతే అతిథి గొడవ చేస్తాడు, ట్యాంకు సంగతి మాత్రం అతనికి కనిపించదు.

ఈ పడవలు మొదట ధాన్యం మోసిన కెట్టువళ్ళాలు, అంటే తాళ్లతో కుట్టిన సరుకు పడవలు. అంజిలి చెక్క పలకలను మేకు కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, సందుల్లో పీచు దట్టించి, పైన జీడిగింజల నుంచి కాచిన నల్లటి నూనె పూస్తారు. లారీలు, రోడ్లు వచ్చాక వాటికి పని తప్పింది. 1990ల్లో పడకగదులు, స్నానాల గదులు కట్టి అతిథులకు ఇవ్వడం మొదలైంది. పాత పడవను పారేయకుండా మళ్లీ వాడుకోవడం మంచి ఆలోచనే. కానీ బస్తాలు మోయడానికి కట్టిన పొట్టలో నీళ్లకు, మురుగుకు, బ్యాటరీలకు చోటు ఎవరూ విడిచిపెట్టలేదు. ఆ తర్వాత వచ్చిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

మూడు గదుల పడవ లెక్క చూద్దాం. అతిథులు ఆరుగురు, సరంగుతో, వంటాయనతో కలిపి సిబ్బంది ముగ్గురో నలుగురో. పదిమంది అనుకుందాం. మనిషికి రోజుకు ఆరుసార్లు, ఒక్కో ఫ్లష్‌కు 6 లీటర్ల చొప్పున 360 లీటర్ల మురుగు. పాతకాలపు పెద్ద ఫ్లష్ తొట్టి అయితే ఒక్కో ఫ్లష్‌కే 10 లీటర్లు దాటుతుంది, మొత్తం 600 అవుతుంది. స్నానానికి మనిషికి 50 లీటర్లయినా పోతుంది కాబట్టి అదొక 500, వంటగది నీళ్లు వేరే. అంటే ఒక్క రాత్రికే దగ్గరదగ్గర వెయ్యి లీటర్లు. 500 లీటర్ల ట్యాంకు పెట్టి ‘మా పడవలో అన్నీ ట్యాంకులోకే పోతాయి’ అంటే లెక్క కుదరదు. తేడాగా ఉన్న నీళ్లు ఎక్కడికి పోతున్నాయో అడగాలి. స్నానాల నీళ్లు, వంటగది నీళ్లు నేరుగా సరస్సులోకి వదిలే ఏర్పాటు ఉంటే సబ్బు, నూనె కూడా దాంతోపాటే పోతాయి.

ఇందుకు తేలికైన మందు ట్యాంకు పెంచడం కాదు, నీళ్లు తగ్గించడం. 3 లీటర్లు, 6 లీటర్ల రెండు మీటల ఫ్లష్ పెడితే మురుగు సగానికి దగ్గరగా తగ్గుతుంది. విమానాల్లో, ఓడల్లో వాడే వాక్యూమ్ తరహా దొడ్డికి లీటరు నీళ్లు చాలు. కానీ దానికి పంపు, కరెంటు, మరమ్మతు తెలిసిన మనిషి కావాలి. దాని వాల్వులో ఒక తడి టిష్యూ గుడ్డ ఇరుక్కుంటే ఆ రాత్రికి అన్ని గదులూ ఆగిపోతాయి. కుళాయి మూతికి గాలి కలిపే ఏరేటర్ బిగించడం అన్నిటికంటే చవక. జల్లెడలో ఉప్పు, ఇసుక పేరుకుంటే ధార సన్నబడుతుంది. నెలకోసారి విప్పి కడక్కపోతే ఎవరో ఒకరు దాన్ని పీకి పక్కన పడేస్తారు.

చాలా పడవల్లో ‘బయో ట్యాంకు’ ఉంటుంది. గాలి తగలని గదుల్లో సూక్ష్మజీవులు మలాన్ని జీర్ణం చేస్తాయి. మంచి పద్ధతే, అయితే రెండు షరతులున్నాయి. మొదటిది, మురుగు అందులో కొన్ని రోజులు నిలవాలి. ఆరుగురికి లెక్కేసి కట్టినదాని మీదికి పగటి విహారానికి పాతికమందిని ఎక్కిస్తే లోపలిది జీర్ణం కాకముందే వెనక నుంచి వచ్చినది ముందుదాన్ని బయటకు తోసేస్తుంది. రెండోది, యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ వాడకూడదు. ఇవి తగిలితే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. గదులు మెరవాలని యాసిడ్ పోసి తోమించే యజమానికి వారం తిరక్కుండా ట్యాంకు కంపు కొడుతుంది. ఆ కంపు పోవాలని ఇంకాస్త ఫినాయిల్ పోయిస్తాడు. ఇక ట్యాంకు బాగా పనిచేసినప్పుడు కూడా బయటికొచ్చే నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన శుభ్రమైనవి కావు. మలంలోని బ్యాక్టీరియా అందులో ఇంకా బోలెడు ఉంటుంది. క్లోరిన్ గానీ అతినీలలోహిత కాంతి గానీ తగిలించకుండా సరస్సులోకి వదలరాదు.

ఇంత పట్టింపు ఎందుకంటే కారణం తన్నీర్‌ముక్కంలో ఉంది. సరస్సుకు అడ్డంగా 1.4 కిలోమీటర్ల పొడవున్న ఆ బ్యారేజీ 1976 నుంచి వాడుకలో ఉంది. సరస్సు దక్షిణ భాగం చుట్టూ ఉన్న కుట్టనాడ్‌లో వరి సముద్రమట్టం కంటే దిగువన పండుతుంది. ఈ సాగును 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వేసవిలో ఉప్పునీరు ఎగదన్ని పైరు పాడవకుండా డిసెంబరు మధ్యనుంచి తలుపులు దించేస్తారు, కోతల నాటికి ఎత్తుతారు. రైతుకు అది అవసరం. అయితే ఆ నెలల్లో పోటూ పాటూ ఆగిపోయి దక్షిణం వైపు సరస్సు నిలవనీరవుతుంది. హౌస్‌బోట్లకు గిరాకీ ఎక్కువగా ఉండే రోజులూ అవే. నీరు కదలని నెలల్లోనే మురుగు ఎక్కువ పడుతుంది. గుర్రపుడెక్కకు ఇది పండగ. ఉప్పు తగిలితే అది చచ్చేది, మంచినీళ్లు, దానికి తోడు మురుగులోని నత్రజని, భాస్వరం దొరికితే కాలవ మొత్తం కప్పేస్తుంది. మేం వెళ్లింది ఫిబ్రవరిలో. సన్న కాలవల్లో ఆ తీగలు ప్రొపెల్లరుకు చుట్టుకున్నప్పుడల్లా ఇంజను వెనక్కి తిప్పి విడిపించుకోవాల్సి వచ్చింది. ఒడ్డున ఇళ్లవాళ్లు గిన్నెలు తోముకునేదీ, స్నానాలు చేసేదీ ఆ నీళ్లలోనే. కొల్లేరును అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చిన 2002లోనే వేంబనాడ్‌నూ చేర్చారు. కొల్లేరును చూసినవాళ్లకు ఇక్కడి నీటి రంగు చూస్తే మనసు ఊరుకోదు.

సాయంత్రం ఐదున్నర, ఆరింటికల్లా పడవ ఒడ్డుకు కట్టేయాలి. రాత్రి జాలర్ల వలలు ఉంటాయి, వాటి మీదుగా పోకూడదు. చీకటి పడ్డాక ఏసీలు వేస్తారు, అప్పటినుంచి తెల్లారేదాకా జనరేటరు మోత. ఇక్కడ జరిగే తప్పు చాలామందికి తెలియదు. టన్ను ఏసీ ఒకటి సుమారు కిలోవాట్ పైచిలుకు తీసుకుంటుంది. మూడింటికి మూడున్నర కిలోవాట్లు. దానికి 15 కేవీఏ జనరేటరు పెడితే అది పావు నుంచి మూడో వంతు బరువు (లోడు) మీదే నడుస్తుంది. తక్కువ బరువు మీద డీజిల్ పూర్తిగా కాలదు, మసి, కాలని ఇంధనం పొగగొట్టంలో చేరి నల్లగా కారుతుంది. యూనిట్ కరెంటుకు పట్టే డీజిల్ పెరుగుతుంది, ఇంజను జీవితం తగ్గుతుంది. తగిన చిన్న జనరేటరు, ఇన్వర్టర్ ఏసీలు పెట్టి 24 లేదా 26 డిగ్రీల దగ్గర నడిపితే ఖర్చులో పెద్ద తేడా వస్తుంది. ఒక్క డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య మండలి చెబుతుంది. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. వెదురు చాప కప్పుకూ గది లోపలి సీలింగ్‌కూ మధ్య ఖాళీల్లోంచి చల్లగాలి రాత్రంతా కారిపోతుంటుంది. ముందు ఆ సందులు మూసి, లోపల వేడి ఆపే పొర వేయాలి.

రాత్రి ఆగే ఒడ్డున కరెంటు తీగ ఇస్తే జనరేటరే అక్కర్లేదు. కానీ తడి చెక్క, తడి ఒడ్డు, ఉప్పుగాలి. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే తెగిపడే బ్రేకరు, మూత ఉన్న గట్టి ప్లగ్గు, సరైన ఎర్తింగు లేకుండా ఈ పని తలపెట్టకూడదు, ప్రాణాలు పోతాయి.

సౌర ఫలకాల సంగతి అందరూ అడుగుతారు. మూడు ఏసీలు సగటున 0.8 కిలోవాట్ చొప్పున తొమ్మిది గంటలు నడిస్తే దాదాపు 22 యూనిట్లు. 5 కిలోవాట్ల ఫలకాలు ఎండ బాగున్న రోజున 20 యూనిట్లు ఇస్తాయి, వాటికి పాతిక, ముప్పై చదరపు మీటర్ల చోటు కావాలి. వంపు తిరిగిన చాప కప్పు మీద అంత సమతలం దొరకదు. ఎత్తుగా స్టాండు వేస్తే గాలి పట్టుకుని పడవ పక్కకు లాగుతుంది. ఇక పగటి కరెంటును రాత్రికి దాచడానికి లిథియం బ్యాటరీ అయితే సుమారు 28 యూనిట్లది, మూడు క్వింటాళ్లలోపు బరువు. లెడ్ యాసిడ్ అయితే సగం కంటే ఎక్కువ వాడకూడదు కాబట్టి టన్ను దాటుతుంది. దీపాలు, ఫ్యాన్లు, ఫ్రిజ్, నీళ్ల పంపుల వరకు సౌరం మీద పెట్టుకోవడం ఏ పడవకైనా తక్షణం సాధ్యమే. ఏసీల జోలికి ఆ తర్వాత వెళ్లవచ్చు.

పడవ అడుగున చేరే నీళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఇంజను దగ్గర కారే డీజిల్, ఆయిలు, ప్రొపెల్లరు ఇరుసు వెంట ఊరే నీళ్లు కలిసి అక్కడ నిలుస్తాయి. ఆటోమేటిక్ పంపు వాటిని తోడి నేరుగా సరస్సులో పోస్తుంది. పొద్దున పడవ చుట్టూ ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే ఇదే. ఇంజను కింద ట్రే, నూనెను మాత్రమే పీల్చే ప్యాడ్లు, పంపును నూనె మట్టం కంటే కిందినుంచి తోడేలా అమర్చడం, ఇంత చాలు. నిండిన ప్యాడ్లను చెత్తలో కలపకుండా వాడిన ఆయిలుతోపాటు అప్పగించాలి.

వంటగది వ్యర్థాల విషయంలో ఆలప్పుళ పట్టణం నేర్పే పాఠం చాలా ఉంది. 2012 ప్రాంతంలో చెత్తకుప్పకు వ్యతిరేకంగా ఊరు తిరగబడ్డాక పురపాలక సంఘం ఇంటింటి కంపోస్టు వైపు తిరిగింది. 2017లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం ప్రపంచంలో చెత్తను బాగా సంభాళించే అయిదు నగరాల్లో దీన్నీ చేర్చింది. గాలి ఆడేలా కంపోస్టు చేసే తుంబూర్‌ముళి పద్ధతి తొట్టి నాలుగడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉంటుంది. పక్కగోడల్లో గాలికి ఖాళీలు. పేడ పొర, ఎండాకుల పొర, ఆరంగుళాల వంట వ్యర్థం, మళ్లీ ఆకులు. లోపల వేడి 70 డిగ్రీల దాకా ఎక్కుతుంది, 90 రోజుల్లో ఎరువవుతుంది. ఎండాకులు తగ్గితే తడి ఎక్కువై గాలి ఆడక పురుగు పడుతుంది, కంపు కొడుతుంది. చేపల పొలుసులు, తలకాయలు మధ్యలో పూడ్చాలి, అంచుల్లో వేస్తే ఎలకలు లాగేస్తాయి. పడవ చేయాల్సింది మాత్రం తడిచెత్తను మూత ఉన్న డబ్బాలో వేరుగా ఉంచి రేవులో దించడం. తాగునీళ్లు కూడా అంతే: ఆరుగురికి రోజుకు 18 లీటర్లు, కుళాయి ఉన్న 20 లీటర్ల క్యాను ఒకటి ఎక్కిస్తే 18 ప్లాస్టిక్ సీసాలు తప్పుతాయి.

సరస్సు తూర్పు ఒడ్డున ఉన్న కుమరకంలో చూసినది వేరే కోణం. 2007–08లో కేరళ బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టిన నాలుగు చోట్లలో అదొకటి. కుడుంబశ్రీ మహిళా సంఘాలు పండించిన కూరగాయలు హోటళ్లు కొనాలన్నది ఏర్పాటు. హోటల్ వంటగదికి ప్రతిరోజూ ఒకే పరిమాణం, ఒకే నాణ్యత కావాలి. పెరటి తోటలో పంట ఒక్కసారే వచ్చి ఒక్కసారే అయిపోతుంది. వారం తప్పితే వారం విత్తనాలు వేసే పట్టిక, ధర ముందే తేల్చే కమిటీ, సరుకు ఒకచోట చేర్చే కేంద్రం ఉంటేనే ఇది నిలుస్తుంది. మెనూ కూడా దొరికే కాయగూరలను బట్టి మారాలి. మారనని పట్టుబట్టే వంటశాల చివరికి దూరపు మార్కెట్ లారీ దగ్గరికే వెళ్తుంది.

అక్కడినుంచి వైకోం వెళ్లి ‘ఆదిత్య’ ఎక్కాం. 2017 జనవరిలో మొదలైన ఈ పడవ దేశంలో తొలి సౌర ఫెర్రీ. కొచ్చిలోని నవాల్ట్ కట్టింది, రాష్ట్ర జల రవాణా శాఖ నడుపుతుంది. 75 మంది ఎక్కుతారు. కప్పు మీద 20 కిలోవాట్ల ఫలకాలు, 20 కిలోవాట్ల మోటార్లు రెండు, 50 యూనిట్ల బ్యాటరీ. అవతలి ఒడ్డున ఉన్న తవణక్కడవు దాకా 2.5 కిలోమీటర్లు పావుగంటలో దాటుతుంది. మోత లేదు, డీజిల్ వాసన లేదు, కూర్చున్నవాళ్లు మామూలు గొంతుతో మాట్లాడుకుంటున్నారు. ఇది కుదిరిందంటే కారణం ఫలకాలు ఒక్కటే కాదు. రెండు పొట్టల తేలికైన ఫైబర్ దేహం, నింపాది వేగం. నీటిలో పడవకు కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనాన్ని (మూడుసార్లు గుణించిన విలువను) బట్టి పెరుగుతుంది. వేగం పదో వంతు తగ్గిస్తే శక్తి పావు వంతు పైనే తగ్గుతుంది. బరువైన కెట్టువళ్ళానికీ ఇది వర్తిస్తుంది. పైసా ఖర్చు లేకుండా ఈ రోజే చేయగలిగిన పని, దాంతో పడవ అలలకు పొలం గట్లు కోసుకుపోవడం కూడా తగ్గుతుంది.

బుక్ చేసేముందు మూడు ప్రశ్నలు అడగండి. ట్యాంకు ఎన్ని లీటర్లు, చివరిసారి ఎప్పుడు ఎక్కడ తోడించారు, రసీదు ఉందా? మేం అడిగినప్పుడు ఒకాయన రసీదుల కట్ట తెచ్చి చూపించాడు, మిగతావాళ్లు మెనూ చూపించారు. ఆ కట్ట ఉన్న పడవే ఎక్కండి, గది కాస్త చిన్నదైనా సరే. ఏసీ లేకపోయినా ఫర్వాలేదనుకుంటే ఒడ్డున ఏదైనా ఇంట్లో బస చేసి, పగలు తెడ్డు పడవలో సన్న కాలవలు తిరగండి. పెద్ద పడవలు దూరలేని చోట్లన్నీ అలాగే చూడగలం. ఆలప్పుళ నుంచి కొట్టాయం వెళ్లే జల రవాణా శాఖ పడవ కూడా ఈ పొలాల మధ్యనుంచే పోతుంది, అందులో బడిపిల్లలు, కూరల బుట్టలు, ఊళ్ల మనుషులు ఉంటారు.