చేరె గంగాకూలంకష

"ఆకాశంబున నుండి శంభుని శిరంబందుండి..." అని మొదలుపెడితే చాలు, తెలుగు బడిలో చదివినవాళ్లు చాలామంది మిగతాది అందుకుంటారు. భర్తృహరి శ్లోకానికి ఏనుగు లక్ష్మణ కవి తెనుగు. గంగ ఆకాశం నుంచి శివుడి తల మీదికి, అక్కణ్ణించి హిమాద్రికి, నేలకి, సముద్రానికి, చివరికి పవనాంధోలోకానికి చేరింది. పవనాంధోలోకమంటే గాలినే అన్నంగా తినే పాముల లోకం, పాతాళం. వివేకం జారినవాళ్ల పతనం కూడా ఇలాగే పలు విధాలుగా ఉంటుందని ముగింపు. భావం రాసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, గంగమ్మను పట్టుకుని అంత మాట అనడమేమిటని అప్పట్లోనే నాకు గుచ్చుకునేది. ఆ ముల్లు ఇన్నేళ్ల తర్వాత, గంగ పుట్టే చోటైన గోముఖం దారిలో కదిలింది.

గంగోత్రి గుడి నుంచి గోముఖానికి 18 కిలోమీటర్లు. గంగోత్రి దాదాపు 3,100 మీటర్ల ఎత్తున ఉంటే గోముఖం సుమారు 4,000 మీటర్లు. అటవీశాఖ అనుమతి కావాలి, రోజుకు 150 మందినే పంపుతారు. తొమ్మిది కిలోమీటర్ల దగ్గర చిర్‌బాసా, అక్కడిదాకా దేవదారు, పైన్ చెట్ల నీడ. అది దాటాక కొండచరియ వదులుగా ఉంటుంది. పైన కొండగొర్రెలు కదిలినా రాళ్లు దొర్లుతాయి. అక్కడ ఎవరూ మాట్లాడరు, చెవులు పైకి పెట్టుకుని గబగబా దాటేస్తారు. ఆ తర్వాత భోజ్‌బాసా. భోజపత్ర వృక్షాల పేరు మీద వచ్చిన ఊరిపేరు. రాసుకోవడానికి మనకు తాటాకు ఎలాగో ఉత్తరాన పూర్వులకు ఈ చెట్టు బెరడు అలాగ. వంటచెరకు కోసం నరికి చాలావరకు పోగొట్టుకున్నారు, పేరు మాత్రం మిగిలింది.

నది కుడిచేతి వైపు లోయలో ఎదురొస్తుంటే మేం ఎక్కుతున్నాం. నాలుగడుగులకోసారి ఊపిరి కోసం ఆగాల్సిందే. పద్యాన్ని తిరగేసి చదువుతున్నట్టుంది ఈ నడక అనిపించింది. భువి నుంచి శీతాద్రికి, వీలైతే శంభుని శిరందాకా.

గోముఖం దగ్గరపడేకొద్దీ శివలింగ శిఖరం కనిపించింది, 6,543 మీటర్లు. ఎవరు పెట్టారోగానీ ఆ పేరుకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కిందికి చూస్తే నేననుకున్నదేదీ లేదు. గోదావరి త్రయంబకంలో బొట్లుబొట్లుగా పుడుతుందని విన్నవాణ్ణి, ఇక్కడా ఏదో సన్నటి ఊట ఉంటుందనుకున్నాను. ఈవిడ పుట్టడమే పెద్ద నదిగా పుట్టింది. మట్టీ రాళ్లూ కప్పేసిన మంచుగోడ, పగుళ్లలో మాత్రం నీలం, దాని అడుగునుంచి హోరుమంటూ వచ్చేస్తోంది. మధ్యమధ్య మంచుగడ్డలు కొట్టుకొస్తున్నాయి. గోడ దగ్గరికి వెళ్లకూడదు, ఎప్పుడు విరిగి పడుతుందో తెలియదు. నీళ్లు తేటగానూ లేవు, బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. ఈ హిమానీనదం, అంటే మంచునది, జరుగుతూ అడుగునున్న రాతిని పిండిలా నూరుతుంది, ఆ పిండే ఈ రంగు.

అప్పుడు తట్టింది, పద్యంలో గంగకు కవి వేసిన మాట కూలంకష. కూలాన్ని, అంటే ఒడ్డును ఒరుసుకుంటూ పోయేది. రెండు ఒడ్లూ అలా ఒరుసుకు పోతుంది కాబట్టే, దేన్నయినా వదలకుండా చదివితే కూలంకషంగా చదివాడంటాం. ఆ మాటను అన్నేళ్లు వాడాను. దాని చప్పుడు వినడం మాత్రం అదే మొదలు.

రాయి మీద కూర్చుని ముల్లు సంగతి ఆలోచించాను. వాల్మీకి బాలకాండలో గంగ దిగేటప్పుడు శివుణ్ణి కూడా తన ప్రవాహంతో పాతాళానికి ఈడ్చుకుపోదామనుకుంటుంది. ఆయనకది తెలిసి జటల్లో బంధించేస్తాడు. ఏళ్ల తరబడి దారి దొరకక తిరుగుతుంది. భగీరథుడు మళ్లీ తపస్సు చేస్తే వదులుతాడు. బయటికొచ్చిన పాయల్లో ఒకటి భగీరథుడి రథం వెనక నడుస్తుంది. భర్తృహరి చెప్పిన వివేకభ్రంశం ఉందనుకుంటే అది శివుడి తలదాకానే, నా లెక్కలో. ఆ తర్వాత ఆవిడ పడటం లేదు, ఒక మనిషి వెంట వెళుతోంది. అరవైవేలమంది సగరపుత్రుల బూడిద పాతాళంలో ఉంది కాబట్టి పాతాళందాకా వెళ్లింది. కింద దేవప్రయాగలో అలకనందతో కలిసేదాకా ఇక్కడివాళ్లు ఆవిణ్ణి భాగీరథి అనే పిలుస్తారు. మనం ఏ కష్టమైన పనికైనా భగీరథ ప్రయత్నమంటాం గానీ, ఆ ప్రయత్నంలో సగం వెనక్కి తిరిగి చూసుకుంటూ దారి చూపడమేనని అక్కడ అనిపించింది.

లక్ష్మణ కవికి ఇది తెలియదా? చివరి పాదంలో సంపాతముల్, అంటే పడిపోవడాలు, అన్నాడు, నిజమే. గంగకు వాడిన క్రియ మాత్రం చేరె. పడె అనలేదు. సంస్కృతంలో ఉన్న "అధోఽధః", కిందికి ఇంకా కిందికి అనే మాటను తెలుగులోకి తేలేదు. ఛందస్సు కోసమని పండితులు అనొచ్చు. నేను ఒప్పుకోను.

గంగను పట్టి ఉంచిన జటాజూటం లాంటి ఈ ముప్పై కిలోమీటర్ల హిమానీనదమే ఇప్పుడు పలచబడుతోంది. 1935 నుంచి 1996 లోపు గోముఖం కిలోమీటరుకు పైగా వెనక్కి జరిగింది. మన తాతల కాలపు యాత్రికులు మునిగిన చోట ఇవాళ రాళ్లే. అక్కడే ఆగి ఎందుకో నమస్కారం పెట్టాను.

మూడు మునకలు కూడా వేయలేకపోయాను, ఒక్కదానికే ఎముకలు కొరికేసింది. సీసా నింపుకున్నాను. భోజ్‌బాసాలో తెల్లారి చూస్తే పైన నీళ్లు తేటపడి అడుగున బూడిదరంగు పొర పేరుకుంది. గుడ్డతో వడకట్టుకోండి, పూజలో బాగుంటుందని తోటి యాత్రికుడొకాయన సలహా ఇచ్చాడు. సీసా కదిపి చూపించాను. మళ్లీ బియ్యం కడుగులా తిరిగింది. వడకట్టలేదు.