మేట మీద మూడున్నర గంటలు

మన బ్యాచి కలయిక కమిటీవాళ్ళు నాలుగోసారి మెసేజ్ పెట్టారు, ఇక నీ వ్యాసం ఒక్కటే బాకీ అని. ఒక పేజీ చాలన్నారు. అయిదేళ్ళ హైస్కూలు ఒక పేజీలో పట్టదు కాబట్టి ఒక్క ఆదివారం గురించి రాస్తున్నాను. రెండో గంట సంగతీ, పులిహోర బకెట్టు సంగతీ నేను ముట్టుకోను. అవి రాసే హక్కు ఎవరిదో మనందరికీ తెలుసు.

1983 జనవరి ఆఖరి ఆదివారం. మనం తొమ్మిదో తరగతి. అంతర్వేది తీర్థం జనంలో మిమ్మల్ని కాయడం నావల్ల కాదు, జనం లేనప్పుడు చూపించేస్తాను అన్నారు భూగోళం మాస్టారు. మనిషికి రెండు రూపాయలు, అన్నం క్యారేజీ ఎవరిది వాళ్ళదే. మాట్లాడిన లాంచీకి సరంగు మా నాన్న. ఆ సంగతి మీలో చాలామందికి ఆ రోజు వరకూ తెలీదు, నేను చెప్పలేదు కూడా. మీ నాన్నలు టీచర్లు, ప్లీడర్లు, రైసు మిల్లు వాళ్ళు. మా నాన్న లుంగీ పైకి కట్టుకుని చుక్కాని దగ్గర నిలబడి ఉంటే నేను వెనక బల్ల మీద, ఆయన కంట పడకుండా కూర్చున్నాను. ఈ వాక్యం రాయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

మాధవాయిపాలెం రేవు దాటుతుండగా మాస్టారు మొదలుపెట్టారు. ఈ ఊళ్ళో ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళ వర్తక స్థావరం ఉండేది, ఇక్కడ ఓడలు కట్టేవారు, ఇక్కడి గుడ్డ ఈ ఊరి పేరుతోనే దేశాలు తిరిగింది, వాళ్ళకి నోరు తిరక్క మడపోలం అన్నారు అని. మనం విన్నామా? ముందు బల్ల మీద అంత్యాక్షరి. నేను మాత్రం విన్నాను. చాలా ఏళ్ళ తర్వాత, ఓడ ఉద్యోగంలో ఉండగా, ఫ్రాన్సులో మార్సే రేవులో మా ఓడ ఆగినప్పుడు, మా ఆవిడ కోసం ఏదైనా కొందామని ఒక గుడ్డల కొట్లోకి వెళ్తే, తెల్లటి నూలు గుడ్డ తాను మీద చీటీ కుట్టి ఉంది, మడపోలం అని. చేత్తో పట్టుకుని చూశాను. పల్చగా, గట్టిగా, మన యూనిఫాం చొక్కా గుడ్డలాగే ఉంది. ఇది మా పక్క రేవు పేరమ్మా అని కొట్టామెకి చెప్పబోయాను, నాకు ఫ్రెంచి రాదు, ఆమెకి ఇంగ్లీషు రాదు. మూడు మీటర్లు కొనుక్కొచ్చాను. ఇంకా కత్తెర పెట్టలేదు.

గుడి, లైట్‌హౌసు, సరుగుడు తోటలో భోజనాలు, మీకు గుర్తున్నవే. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర గోదారి నీళ్ళు ఒక రంగు, సముద్రం ఒక రంగు, మధ్యలో నురగ గీత. నాన్న ఒంటిగంటకే వచ్చి మాస్టారితో అన్నాడు, "ఇంక బయల్దేరాలండి, పాటు లాగేత్తందండి" అని. పాటంటే సముద్రపు నీళ్ళు వెనక్కి తగ్గడం, పోటంటే పైకి ఎక్కడం. మనం నీళ్ళలోంచి రాలేదు. మాస్టారు పోన్లే పిల్లలు అన్నారు. రెండున్నరకి కదిలాం. మూడింటికి లాంచీ అడుగు మెత్తగా దేన్నో తాకింది, ఇంజను గుర్రుమంది, ఆగింది. ఇసుక మేట. నాన్న గెడ వేసి తోశాడు, పెద్ద కుర్రాళ్ళని దింపి తోయించాడు, అంగుళం కదల్లేదు.

ఏడుపులు మొదలయ్యాయి. ఎవరివో రాయను, ఇప్పుడు మనవలున్నారు వాళ్ళకి.

అప్పుడు మాస్టారు చేసిన పని నేను ఈ జన్మకి మర్చిపోను. అందరినీ కూర్చోబెట్టి, "సరంగు గారూ, ఇవాళ పాఠం మీరు చెప్పాలి" అన్నారు. నాన్న బిత్తరపోయాడు. "నేనేం సెబుతానండి మేస్టారండీ, మూడో తరగతండి నాది" అన్నాడు. "నా పుస్తకంలో ఉన్నది నేను చెబుతాను, మీకు తెలిసింది మీరు చెప్పండి, పిల్లలు రెండూ రాసుకుంటారు" అన్నారు మాస్టారు.

నాన్న చెప్పాడు. చుక్కాని వదిలి, తలగుడ్డ తీసి, మీ అందరి ముందూ నిలబడి చెప్పాడు. పౌర్ణమికీ అమావాస్యకీ మన రేవులో పొద్దున్న తొమ్మిదికి పోటండి, అక్కణ్ణుంచి తిథికి రెండు గడియలు వెనక్కండి, ఇవాళ విదియ కాబట్టి నాలుగు గడియలండి, పోటు పదిన్నర దాటాకండి, అక్కణ్ణుంచి ఆరు గంటల పైచిలుకు పాటండి. మాస్టారు సుద్దముక్కతో లాంచీ బల్ల మీద లెక్క వేశారు. గడియకి ఇరవైనాలుగు నిమిషాలు, రెండు గడియలంటే నలభై ఎనిమిది, పుస్తకంలో రోజుకి సుమారు యాభై నిమిషాలని ఉంది. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత, అయిదింటి దాకా నీళ్ళు తగ్గుతాయి, ఆరున్నరకి లాంచీ లేస్తుంది అని ఇద్దరూ ఒకే మాట చెప్పారు.

నమ్మకం కుదరడానికి గెడని ఇసుకలో పాతించి, నీటి మట్టం దగ్గర ఎర్ర రిబ్బను కట్టించారు. రిబ్బను ఎవరిదో మీకందరికీ తెలుసు. నీళ్ళు రిబ్బను కింద బెత్తెడు దిగాయి. ఇంకో బెత్తెడు. మేట వీపు బయటపడింది, తడి ఇసుక మీద ఎర్ర పీతలు పరుగెత్తాయి. అయిదవుతుంటే నీళ్ళు ఎటూ కదలకుండా నిలబడిపోయాయి, నూనె పోసినట్టు. తర్వాత గెడ చుట్టూ చిన్న సుడి, ఈసారి సముద్రం వైపు నుంచి. అప్పటికి ఎవరూ ఏడవడం లేదు. నలభైమంది ఒక రిబ్బన్ని చూస్తూ కూర్చున్నారు. ఆరు దాటి చీకటి పడింది, టార్చి వేసి చూశాం, రిబ్బను తడిసింది, లాంచీ కాస్త ఊగింది, నాన్న ఇంజను వేశాడు. మాస్టారు వాచీ చూపించారు, ఆరూ ముప్పై అయిదు.

దారిలో చందమామ వచ్చింది, ఒక పక్క కొంచెం అరిగి. రేవులో లాంతర్లు, మీ ఇళ్ళవాళ్ళు, అరుపులు. అందరూ మా నాన్న మీద పడ్డారు. ఒకాయన చెయ్యి కూడా ఎత్తాడు. మాస్టారు మధ్యలోకి వెళ్ళి, "ఒంటిగంటకే బయల్దేరమని ఈయన చెప్పారు. ఆపింది నేను. తప్పు నాది" అన్నారు. అంతమందిలో నాన్నని ఒక్కసారి కూడా ఏకవచనంలో పిలవలేదు. నేను వెనక బల్ల మీంచి లేచి వచ్చి నాన్న పక్కన నిలబడ్డాను.

పదో తరగతి నాకు గుర్తే లేదు. ఇంటరు, అమ్మ రాత్రిళ్ళు లాంతరు దగ్గర లేసు అల్లి కట్టిన ఫీజులు, ఓడలో కాడెట్‌గా ఎంపిక, ఒక్కో మెట్టూ. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమని ఊడ్చేసినప్పుడు నేను హిందూ మహాసముద్రంలో ఉన్నాను, ఇంటి కబురు అందడానికి వారం పట్టింది. పద్దెనిమిదేళ్ళు కెప్టెన్‌గా చేసి పోయినేడాది ఓడ దిగాను. నా చేతిలో ఉండగా ఏ ఓడా నేల తాకలేదు. ప్రతి రేవులో టైడ్ టేబుల్ చూశాక, పక్కన పెన్సిలుతో నాన్న లెక్క కూడా వేసుకునేవాణ్ణి. రేవు రేవుకీ పౌర్ణమి పోటు వేళ మారుతుంది గానీ, ఆ రెండు గడియలు చాలాచోట్ల నిలబడ్డాయి. నేను మొదటిసారి యూనిఫాంలో ఇంటికొచ్చిన రోజు నాన్న నన్ను భూగోళం మాస్టారింటికే ముందు తీసుకెళ్ళాడు.

మొన్న అంతర్వేది వెళ్ళాను. మనం అన్నాలు తిన్న సరుగుడు తోట నీళ్ళలో ఉంది. ఒడ్డున కొబ్బరిచెట్లు వేళ్ళతో సహా పడి ఉన్నాయి. పైన ఆనకట్టలూ రిజర్వాయర్లూ ఒండ్రుని ఆపేస్తుంటే డెల్టా పెరగడం ఎప్పుడో ఆగింది, సముద్రానికి ఎదురుచెప్పే మట్టి రావడం లేదు. అది బాధగా ఉంది, చాలా బాధగా ఉంది. తీర్థంలో మనం లాగిన పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది. కొత్తది మరుసటి ఫిబ్రవరికే తయారైంది, దణ్ణం పెట్టుకున్నాను, కానీ నా అరచేతులకి తెలిసింది పాతదాని తాడు. దారంతా వరిచేల చోట రొయ్యల చెరువులు. గోదారి దాటించే పంటు దిగితే తూర్పుగోదావరి అనేవాళ్ళం, 2022 నుంచి అది కోనసీమ జిల్లా. చించినాడ వంతెన మీదుగా కార్లో తిరిగి వెళ్దామన్నాడు డ్రైవరు. వద్దని పంటే ఎక్కాను.

కమిటీవాళ్ళకి ఒక మనవి. కార్యక్రమం రోజు మధ్యాహ్నం మూడింటికి పడవ ప్రయాణం అని వేశారు. క్యాలెండరు చూశాను, పౌర్ణమి వెళ్ళిన సప్తమి. పద్నాలుగు గడియలు, అంటే రెండూ ముప్పై ఆరుకి పోటు, అదీ సప్తమి కాబట్టి చిన్న పోటు. మూడింటికి కదిలితే పోయేదంతా పాటులోనే. భోజనాలు పన్నెండింటికల్లా ముగించి ఒంటిగంటకి బయల్దేరదాం. గెడ నేను తెస్తాను. రిబ్బను తేవాల్సినావిడ అమెరికా నుంచి వస్తున్నారట, ఎవరైనా గుర్తుచేయండి.